సూక్ష్మ జలచరాల ఆక్సిజన్ వినియోగాన్ని కొలవడం ఎలా: ఆర్టీమియా నాప్లియస్‌లతో ఒక సమగ్ర మార్గదర్శి

ఆర్టీమియా ఉప్పునీటిలో బతికే, రొయ్యలాంటి చిన్న జీవి; గట్టి పెంకు గల దాని గుడ్డును సిస్టు అనీ, అందులోంచి వచ్చే పిల్లను నాప్లియస్ అనీ అంటారు. అప్పుడే సిస్టు పగిలి బయటికి వచ్చిన ఆర్టీమియా నాప్లియస్ పొడవు అర మిల్లీమీటరుకు మించదు. ఎండబెట్టి తూచితే దాని బరువు రెండు మైక్రోగ్రాముల దగ్గర ఉంటుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద అది గంటకు పీల్చుకునే ఆక్సిజన్ పదుల నానోగ్రాముల లెక్కలోనే ఉంటుంది. అదే ఉష్ణోగ్రతలో, 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) లవణత గల సముద్రపు నీరు గాలితో సంతృప్తమై ఉన్నప్పుడు ఒక్క మిల్లీలీటరులో సుమారు 6,400 నానోగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. అంత పెద్ద నిల్వలో ఇంత చిన్న తరుగును పట్టుకోవడమే ఇక్కడి సమస్య. జీవి శ్వాస వల్ల కాక మరే కారణం వల్ల ఆక్సిజన్ తగ్గినా, పెరిగినా ఆ మార్పు మన కొలతను మింగేస్తుంది. ఖరీదైన సెన్సర్ కొంటే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు కానీ, ఈ ప్రయోగంలో తప్పులు ఎక్కువగా సెన్సర్‌లో ఉండవు. సీసాలో, నీటిలో, మూతలో, జీవులు లేని బ్లాంక్ సీసాను చూసే తీరులో ఉంటాయి.

ఆర్టీమియాను ఉదాహరణగా తీసుకోవడానికి కారణాలున్నాయి. కోస్తా ఆంధ్రలోని రొయ్యల హేచరీలన్నిటిలోనూ అది పిల్లల మేతగా వాడుకలో ఉంది. సిస్టుల డబ్బా దొరికితే ఏ కళాశాల ప్రయోగశాలలోనైనా ఒక్క రోజులో జీవులు సిద్ధమవుతాయి. పైగా మొదటి దశ నాప్లియస్‌కు నోరు ఇంకా తెరుచుకోదు, అది తన పచ్చసొన నిల్వ మీదే బతుకుతుంది. అందువల్ల మేత తిన్న తరువాత శ్వాసరేటు పెరగడమనే చిక్కు ఈ దశలో ఎదురుకాదు.

పద్ధతి ఎంపిక

ఒకప్పుడు ఇంత చిన్న జీవుల శ్వాసను కొలవడానికి వాయు పరిమాణంలోని మార్పును చూసేవారు. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్ 1937లో ప్రవేశపెట్టిన కార్టీసియన్ డైవర్ పద్ధతిలో, జీవినీ కొద్దిపాటి గాలినీ ఒక చిన్న గాజు గొట్టంలో ఉంచి, ఆ గొట్టం ద్రవంలో ఒకే మట్టంలో తేలుతూ ఉండటానికి ఎంత పీడనం కావలసి వస్తుందో చూసి, ఖర్చయిన ఆక్సిజన్‌ను లెక్కగట్టేవారు. ఇప్పటికీ ముచ్చటగొలిపే పద్ధతి అది, కానీ దాన్ని నడపడానికి కావలసిన చేతి నేర్పు అందరికీ రాదు.

1950లలో లీలాండ్ క్లార్క్ రూపొందించిన, నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడు పని తేలిక చేసింది. అయితే ఆ ఎలక్ట్రోడు కొలిచే క్రమంలో తానే ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది. చెరువులోనో, లీటరు బీకరులోనో అది లెక్కలోకి రాదు. రెండు మిల్లీలీటర్ల సీసాలో మాత్రం నాప్లియస్‌లతో పాటు ఎలక్ట్రోడు కూడా శ్వాసిస్తున్నట్టే అవుతుంది. అందుకే మిల్లీలీటర్ల స్థాయిలో ఆప్టికల్ సెన్సర్‌ను ఎంచుకోవాలి. సీసా లోపలి గోడకు అతికించిన చిన్న రంగు బిళ్ల మీద బయటి నుంచి కాంతి పడినప్పుడు అది తిరిగి వెలువరించే కాంతి, చుట్టూ ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నకొద్దీ త్వరగా ఆరిపోతుంది. ఈ కొలతలో ఆక్సిజన్ ఖర్చు కాదు, సీసా మూత తీయవలసిన అవసరమూ ఉండదు. సెన్సర్ కొనే స్తోమత లేనిచోట వింక్లర్ అనే రసాయన పద్ధతి పనికొస్తుంది. దాని సంగతి చివర్లో చెబుతాను.

సీసా, మూత

సీసా గాజుదే కావాలి. పాలిస్టైరీన్ వంటి ప్లాస్టిక్‌లు ఆక్సిజన్‌ను తమలో ఇముడ్చుకుంటాయి, తమ గుండా పోనిస్తాయి. నీటిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ వాటి గోడల నుంచి అది తిరిగి లోపలికి చేరుతుంది. మూత విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సిలికోన్ రబ్బరు చూడటానికి బిగుతుగా కూర్చున్నా, ఆక్సిజన్‌కు అది తెరిచిన తలుపే. అరగదీసిన గాజు మూత అన్నిటికన్నా మేలు, అది లేకపోతే బ్యూటైల్ రబ్బరు.

సీసా ఎంత గాలిచొరనిదో ఒకసారి పరీక్షించుకోవడం తప్పనిసరి. నీటిలోకి నైట్రోజన్ వాయువును పంపి ఆక్సిజన్‌ను బాగా తగ్గించి, ఆ నీటితో సీసా నింపి మూసి, మూడు నాలుగు గంటలు రీడింగు చూడాలి. రీడింగు నిలకడగా ఉంటే సీసా మంచిదే. మెల్లగా పెరుగుతుంటే మూత మార్చాలి. ఈ పరీక్షకు నైట్రోజన్ బదులు సోడియం సల్ఫైట్ ద్రావణం వాడకూడదు. సీసాలో మిగిలిన సల్ఫైట్ బయటి నుంచి వచ్చే ఆక్సిజన్‌ను ఎప్పటికప్పుడు తినేస్తుంది కాబట్టి, మూత ఎంత కారుతున్నా రీడింగు సున్నా దగ్గరే నిలబడి మనల్ని నమ్మిస్తుంది.

సీసా మీద ముద్రించిన పరిమాణాన్ని నమ్మవద్దు. ఖాళీ సీసాను మూతతో సహా తూచి, స్వేదనజలంతో అంచుదాకా నింపి మూతపెట్టి, బయట తుడిచి మళ్లీ తూచాలి. ఆ తేడాను గ్రాముల్లో తీసుకుని, 28 డిగ్రీల వద్ద నీటి సాంద్రత అయిన 0.996తో భాగిస్తే అసలు పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. ప్రతి సీసాకూ ఒక సంఖ్య వేసి, దాని పరిమాణాన్ని పుస్తకంలో రాసుకోవాలి. "రెండు మిల్లీలీటర్లు" అని అమ్మే సీసాను అంచుదాకా నింపితే అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఆ తేడా నేరుగా తుది ఫలితంలోకి వెళుతుంది.

సెన్సర్ క్రమాంకనం

రెండు బిందువుల వద్ద క్రమాంకనం చేయాలి, అంటే తెలిసిన ఆక్సిజన్ స్థాయిలతో సెన్సర్ రీడింగును సరిచూసి కుదర్చాలి. సున్నా బిందువుకు వంద మిల్లీలీటర్ల నీటిలో ఒక గ్రాము సోడియం సల్ఫైట్ కరిగించి, అప్పటికప్పుడు వాడాలి. వంద శాతం బిందువుకు ప్రయోగం చేయబోయే ఉష్ణోగ్రతలోనే ఉన్న నీటిలోకి ఇరవై నిమిషాల పాటు గాలి బుడగలు పంపి, తరువాత ఎయిరేషన్ ఆపి కొన్ని నిమిషాలు ఊరుకోవాలి; లేకపోతే బుడగల వల్ల నీటిలో ఆక్సిజన్ సంతృప్త స్థాయిని కాస్త దాటి ఉండవచ్చు. సున్నా బిందువు తరువాత సీసాను అనేకసార్లు కడగాలి.

వాతావరణ పీడనాన్ని పరికరంలో నమోదు చేయడం చాలామంది వదిలేసే అంశం. విశాఖపట్నం తీరంలో పీడనం 1,013 హెక్టోపాస్కల్స్ దగ్గర ఉంటుంది కాబట్టి పరికరంలో ముందే ఉన్న విలువతో ఇబ్బంది రాదు. హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉంది, అక్కడి పీడనం 950 ప్రాంతంలో ఉంటుంది. 25 డిగ్రీల మంచినీటిలో సంతృప్త ఆక్సిజన్ సముద్రమట్టంలో లీటరుకు 8.26 మిల్లీగ్రాములైతే, హైదరాబాదులో అది సుమారు 7.7 మాత్రమే.

లవణత సంగతీ అంతే. సెన్సర్ నిజంగా చూసేది ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని; దాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని మార్చేది పరికరంలోని లెక్క. ఆ లెక్కలో లవణత సున్నా అని ఉంటే, 28 డిగ్రీల సముద్రపు నీటిలో 6.4 ఉండవలసిన చోట 7.8 అని చూపుతుంది. అంటే తుది ఫలితం ఇరవై శాతానికి పైగా పెరిగిపోతుంది, గ్రాఫు మాత్రం నున్నగా, ముచ్చటగా కనిపిస్తుంది.

నీరు, నాప్లియస్‌లు

ప్రయోగానికి వాడే సముద్రపు నీటిని 0.2 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడగట్టి, 28 డిగ్రీల వద్ద గాలితో సంతృప్తం చేయాలి. చల్లగా ఉన్నప్పుడు ఎయిరేషన్ చేసిన నీటిని తరువాత వేడిచేస్తే, ఆ నీరు అదనపు వాయువును సీసా గోడల మీద చిన్న చిన్న బుడగలుగా వదులుతుంది.

సిస్టులను లీటరుకు రెండు గ్రాముల చొప్పున, 28 డిగ్రీల వద్ద, గట్టి ఎయిరేషన్‌తో, వెలుతురులో ఉంచితే 18 నుంచి 24 గంటల్లో పొదుగుతాయి. ఆ తరువాత గాలి ఆపి ఐదు పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలుతాయి, పొదగని సిస్టులు అడుగుకు దిగుతాయి. నాప్లియస్‌లకు వెలుతురంటే ఇష్టం కాబట్టి, శంఖాకారపు తొట్టి కింది భాగాన టార్చిలైటు పెడితే నారింజ రంగు మేఘంలా అక్కడికి చేరతాయి. కుళాయి తిప్పగానే మొదట వచ్చే నీటిలో పొదగని సిస్టులు ఎక్కువగా ఉంటాయి, దాన్ని పారబోసి ఆ తరువాతి నీటిని పట్టుకోవాలి.

ఇక్కడే అసలు శ్రద్ధ పెట్టాలి. పొదిగిన నీరు బ్యాక్టీరియాకు నిలయం. సిస్టు పెంకుల మీద వచ్చినవీ, పగిలిన సిస్టుల నుంచి కారిన పోషకాల మీద పెరిగినవీ అందులో కోట్లలో ఉంటాయి. నాప్లియస్‌లను 100 నుంచి 125 మైక్రాన్ల వల మీద వేసి, వడగట్టిన నీటితో మెల్లగా కడిగి, ఆ తరువాత శుభ్రమైన నీరున్న మూడు నాలుగు గాజు పాత్రల్లోకి ఒకదాని నుంచి మరొకదానికి పిపెట్‌తో మార్చాలి. వీలైతే సిస్టులను ముందే హైపోక్లోరైట్‌తో పెంకు కరిగించి పొదిగించడం ఇంకా మంచిది. యాంటీబయాటిక్ కలిపితే సరిపోతుందని కొందరంటారు; అది జీవుల శ్వాస మీద ఏ ప్రభావం చూపుతుందో వేరే పరీక్షించుకోవలసి వస్తుంది కనుక, నా మట్టుకు నేను కడగడానికే ఓటు వేస్తాను.

పొదిగిన కొద్ది గంటల్లోపే కొలత ముగించాలి. ఈ ఉష్ణోగ్రతలో ఎనిమిది పది గంటలు గడిస్తే నాప్లియస్ కుబుసం విడిచి రెండో దశలోకి వెళుతుంది, నోరు తెరుచుకుంటుంది, నీటిలోని కణాలను తినడం మొదలుపెడుతుంది. అప్పటి శ్వాసరేటును మొదటి దశ రేటుతో కలపకూడదు.

ఒక్కో సీసాలో ఎన్ని

దీన్ని ఊహకు వదిలేయకుండా ముందే లెక్క వేసుకోవచ్చు. రెండు మిల్లీలీటర్ల సీసాలో మొత్తం 12.8 మైక్రోగ్రాముల ఆక్సిజన్ ఉంది. రెండు గంటల్లో అందులో 15 శాతం, అంటే 1.9 మైక్రోగ్రాములు తగ్గితే కొలతకు అనుకూలంగా ఉంటుంది. ఒక్కో నాప్లియస్ గంటకు 20 నానోగ్రాములు తీసుకుంటుందని అనుకుంటే, రెండు గంటల్లో 40 నానోగ్రాములు ఖర్చు చేస్తుంది. అప్పుడు దాదాపు 48 నాప్లియస్‌లు కావాలి. కాబట్టి నలభై నుంచి యాభై వరకు తీసుకుంటే సరిపోతుంది. మరీ తక్కువైతే బ్లాంక్‌కూ జీవులున్న సీసాకూ తేడా తెలియదు. మరీ ఎక్కువైతే ఆక్సిజన్ వేగంగా పడిపోయి, జీవులు ఒకదానికొకటి తగులుకుంటూ అలజడికి లోనవుతాయి.

డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద పిపెట్‌తో లెక్కపెడుతూ పట్టాలి. ప్రయోగం అయ్యాక సీసాలోని నీటినంతా పెట్రీ పాత్రలోకి వంపి, లూగాల్ అయోడిన్ (జీవులను కదలకుండా చేసి రంగు పట్టించే ద్రావణం) చుక్క వేసి మరోసారి లెక్కపెట్టాలి. రెండో లెక్కనే గణనలో వాడాలి. అయోడిన్ వేసే ముందు ఎన్ని కదలకుండా పడి ఉన్నాయో చూసి రాసుకోవాలి. వాటి సంఖ్య చెప్పుకోదగ్గంత ఉంటే ఆ సీసా ఫలితాన్ని వదిలేయడమే సబబు.

సీసా నింపడం

సీసాను పొంగిపొర్లేంతగా నింపి, పిపెట్ కొనను అడుగుదాకా దించి, వీలైనంత తక్కువ నీటితో నాప్లియస్‌లను వదలాలి. మూతను కొద్దిగా వంచి ఒక పక్క నుంచి మొదలుపెట్టి దించితే, అదనపు నీరు అంచు మీదుగా కారిపోతూ గాలిని కూడా తోసేస్తుంది. అప్పుడు సీసాను తలకిందులు చేసి, వెనక నల్ల కాగితం పెట్టి, భుజం దగ్గర బుడగ ఏమైనా మెరుస్తోందేమో చూడాలి.

బుడగ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, గాలిలో ఆక్సిజన్ సాంద్రత ఈ నీటిలో కన్నా నలభై రెట్లకు పైగా ఎక్కువ. ఐదు మైక్రోలీటర్ల బుడగ, అంటే వ్యాసం రెండు మిల్లీమీటర్లను కాస్తే దాటినది, తనలో 1.3 మైక్రోగ్రాములకు పైగా ఆక్సిజన్ దాచుకుంటుంది. సీసాలోని మొత్తం ఆక్సిజన్‌లో అది పదో వంతు. నాప్లియస్‌లు నీటిలోని ఆక్సిజన్‌ను తీసుకుంటూంటే బుడగ నింపుతూ ఉంటుంది. గ్రాఫు వాలు, అంటే ఆక్సిజన్ తగ్గే వేగం, తక్కువగా వస్తుంది, మనం జీవుల శ్వాస తక్కువని రాసుకుంటాం. బుడగ కనిపిస్తే సర్దుబాటు చేయడానికి ప్రయత్నించకుండా ఆ సీసాను మళ్లీ మొదటి నుంచి నింపాలి.

కొలత సాగించడం

సీసాలను మూత పై అంచుదాకా నీటి తొట్టిలో ముంచి ఉంచాలి. తొట్టి ఉష్ణోగ్రత 0.1 డిగ్రీకి మించి కదలకూడదు. ఒక్క డిగ్రీ మారితే ఆక్సిజన్ కరిగే గుణం రెండు శాతానికి దగ్గరగా మారుతుంది, జీవుల శ్వాస అంతకన్నా ఎక్కువగా మారుతుంది. ఏసీ ఆగి మళ్లీ మొదలయ్యే గదిలో తొట్టి లేకుండా బల్ల మీద పెట్టి తీసిన గ్రాఫులో కనిపించే అలలు నాప్లియస్‌లవి కావు, ఏసీవి.

కొలత చీకట్లో జరగాలి. వెలుతురు ఉంటే నాప్లియస్‌లు ఒకే మూలకు చేరి గుంపుకడతాయి, నీటిలో ఎక్కడైనా శైవల (నాచు) కణాలు మిగిలి ఉంటే అవి ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. నీరు కలుస్తూ ఉండటం కూడా ముఖ్యమే. నాప్లియస్‌లు నిరంతరం ఈదుతూ నీటిని కలుపుతాయి కనుక ఈ సీసాలకు పది నిమిషాలకోసారి మెల్లగా ఒకసారి తలకిందులు చేస్తే చాలు. బ్లాంక్‌కు కూడా అదే చేయాలి. అయస్కాంతపు స్టిరర్ మాత్రం వద్దు. మధ్యలో వల అడ్డు లేకుండా తిప్పితే జీవులు నలిగిపోతాయి.

అర నిమిషానికో, నిమిషానికో ఒక రీడింగు చాలు. ప్రతి సెకనుకూ రీడింగు తీస్తే సెన్సర్ బిళ్ల రంగు త్వరగా వెలిసిపోతుంది. మొదటి పది పదిహేను నిమిషాల రీడింగులను గణనలోకి తీసుకోకూడదు. అప్పటికి సీసా ఉష్ణోగ్రత కుదురుకోదు, పిపెట్ ఒత్తిడి నుంచి జీవులూ తేరుకోవు. ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో 80 శాతానికి దిగగానే ప్రయోగం ఆపాలి. ఆక్సిజన్ ఎంత తగ్గితే శ్వాసరేటు పడిపోతుందో తెలుసుకోవడమే మీ ప్రశ్న అయితే అప్పుడు కావాలనే కిందికి పోనివ్వాలి, కానీ అది వేరే ప్రయోగం.

బ్లాంక్ సీసాలు

ఆరు సీసాల్లో జీవులు ఉంటే కనీసం మూడు బ్లాంక్‌లు ఉండాలి. వాటిలో ఏ నీరు పోయాలన్నది కీలకం. ఫిల్టరు నుంచి అప్పుడే పట్టిన స్వచ్ఛమైన నీరు పోస్తే బ్లాంక్ సున్నాకు దగ్గరగా వస్తుంది, మనకు సంతోషంగా ఉంటుంది, కానీ అది నిజం చెప్పదు. ఎందుకంటే జీవులున్న సీసాలోకి నాప్లియస్‌లతో పాటు ఆఖరి కడుగు నీరు కూడా కొంత వెళుతుంది, ఆ నీటిలో బ్యాక్టీరియా ఉంటుంది. అందువల్ల నాప్లియస్‌లు కొద్దిసేపు నిలిచిన ఆ ఆఖరి పాత్ర నుంచే, జీవులు రాకుండా, అంతే పరిమాణం నీటిని పిపెట్‌తో తీసి బ్లాంక్‌లో కలపాలి.

బ్యాక్టీరియా శ్వాస స్థిరంగా కూడా ఉండదు. 28 డిగ్రీల వద్ద అవి గంటల్లో రెట్టింపవుతాయి. ప్రయోగం ముగిశాక, లెక్క కోసం అయోడిన్ వేసే ముందే, నాప్లియస్‌లను వలతో తీసేసి, అదే నీటితో అదే సీసాను మళ్లీ నింపి అరగంట కొలిస్తే, చివర్లో నేపథ్య వినియోగం, అంటే నాప్లియస్‌లది కాక బ్యాక్టీరియా చేసే ఖర్చు, ఎంతకు చేరిందో తెలుస్తుంది. వల గుండా పోసేటప్పుడు కొంత గాలి కలిసినా ఫరవాలేదు, ఇక్కడ కావలసింది వాలు మాత్రమే. మొదటి, చివరి విలువల మధ్య తేడా పెద్దగా ఉంటే కాలాన్ని బట్టి రెంటి మధ్య విలువను లెక్కించి తీసివేయాలి. నేపథ్య వినియోగం జీవులున్న సీసా వాలులో ఐదో వంతు దాటిందంటే, తీసివేతతో దాన్ని సరిచేయబూనకుండా కడుగు దగ్గరకే తిరిగి వెళ్లాలి.

లెక్క

ఒక సీసాను తీసుకుని చూద్దాం. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే. పరిమాణం 2.0 మిల్లీలీటర్లు, నాప్లియస్‌లు 40. జీవులున్న సీసాలో ఆక్సిజన్ గంటకు లీటరుకు 0.48 మిల్లీగ్రాముల చొప్పున తగ్గింది, బ్లాంక్‌లో 0.05 చొప్పున తగ్గింది. తేడా 0.43. లీటరుకు ఒక మిల్లీగ్రాము అంటే మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రామే కాబట్టి, 0.43ను 2.0తో గుణిస్తే సీసా మొత్తానికి గంటకు 0.86 మైక్రోగ్రాములు వస్తుంది. దాన్ని 40తో భాగిస్తే ఒక్కో నాప్లియస్‌కు 0.0215 మైక్రోగ్రాములు, అంటే 21.5 నానోగ్రాములు. ఆక్సిజన్ అణుభారం 32తో భాగిస్తే గంటకు 0.67 నానోమోల్. నాప్లియస్ పొడి బరువు రెండు మైక్రోగ్రాములైతే, మిల్లీగ్రాము పొడి బరువుకు గంటకు 10.75 మైక్రోగ్రాములు.

పొడి బరువును వేరే కొలవాలి. నాప్లియస్‌లను ఉప్పు పోయేలా స్వేదనజలంతో చప్పున కడిగి, ముందే తూచిన అల్యూమినియం రేకు మీద 60 డిగ్రీల వద్ద ఒక రోజు ఎండబెట్టాలి. మైక్రో త్రాసు లేకుండా 0.1 మిల్లీగ్రాము వరకే చూపే త్రాసు ఉంటే, ఐదు వేల నాప్లియస్‌లను కలిపి తూస్తేనే పది మిల్లీగ్రాముల బరువు వచ్చి అంకెకు అర్థం ఉంటుంది.

గణాంకాల్లో నమూనా సంఖ్య అంటే సీసాల సంఖ్య, నాప్లియస్‌ల సంఖ్య కాదు. ఆరు సీసాల్లో 240 జీవులున్నా నమూనా సంఖ్య ఆరే.

సెన్సర్ లేనిచోట వింక్లర్

హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి మన డిగ్రీ ప్రయోగశాలల్లో అందరికీ తెలిసినదే. మాంగనస్ సల్ఫేటు, క్షార అయోడైడ్ కలిపితే గోధుమ రంగు అవక్షేపం ఏర్పడుతుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అది కరిగి, విడుదలైన అయోడిన్‌ను థయోసల్ఫేటుతో టైట్రేట్ చేస్తే కరిగిన ఆక్సిజన్ తెలుస్తుంది. 0.025 నార్మల్ థయోసల్ఫేటు ఒక మిల్లీలీటరు 0.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌కు సమానం.

ఇబ్బంది జీవుల సంఖ్య దగ్గర వస్తుంది. 60 మిల్లీలీటర్ల సీసాలో 384 మైక్రోగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. నాలుగు గంటల్లో 15 శాతం తగ్గాలంటే దాదాపు ఏడు వందల నాప్లియస్‌లు కావాలి. అన్నిటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కనుక, బాగా కలిపిన నీటి నుంచి చిన్న నమూనాలు తీసి సాంద్రత కట్టాలి. ఒక సీసాకు ఒక్క తుది రీడింగే వస్తుంది కాబట్టి, ప్రారంభ స్థాయి తెలియడానికి మొదట్లోనే రసాయనాలు వేసే సీసాలు కొన్ని వేరుగా ఉంచాలి. మరో ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, జీవులు సీసాలో ఉండగా రసాయనాలు వేయకూడదు. వాటి శరీరంలోని సేంద్రియ పదార్థం అయోడిన్‌తో చర్య జరిపి ఫలితాన్ని చెడగొడుతుంది. గొట్టం మొదట్లో సన్నని వల కట్టి, గొట్టం కొసను చిన్న సీసా అడుగున ఉంచి, గాలి తగలకుండా సైఫన్ పద్ధతిలో నీటిని దానిలోకి మార్చి, కొంత పొర్లనిచ్చాక రసాయనాలు వేయాలి.

ఇతర జీవులకు మార్పులు

నీటి ఈగ అని పిలిచే మంచినీటి జీవి డాఫ్నియా పెద్దది కనుక రెండు మిల్లీలీటర్ల సీసాలో ఒక్కటే చాలు. కానీ దాని పేగులో శైవలాలు ఉంటాయి, కొలతకు ముందు కొన్ని గంటలు వడగట్టిన నీటిలో ఉంచి పేగు ఖాళీ కానివ్వాలి. మరీ ఎక్కువసేపు పస్తు పెడితే శ్వాసరేటే తగ్గిపోతుంది. కుబుసం విడుస్తున్నదాన్నీ, గుడ్లు మోస్తున్నదాన్నీ వేరుగా నమోదు చేయాలి, ఎందుకంటే పిండాలు కూడా శ్వాసిస్తాయి. కోపెపాడ్‌లు (నీటిలో తేలాడే మరో రకం సూక్ష్మ జీవులు) తాకితే ఎగిరిపడే రకం, వాటికి మొదటి అరగంట రీడింగులు వదిలేయాలి. రొయ్య పోస్ట్‌లార్వాలకు (లార్వా దశ దాటిన రొయ్యపిల్లలకు) రెండు మిల్లీలీటర్లు చాలవు, ఇరవై మిల్లీలీటర్ల సీసాకు వెళ్లాలి. అప్పుడు కలియబెట్టే ఏర్పాటు కూడా వేరుగా కావాలి.

వీటన్నిటిలోనూ మనం కొలిచేది ఈదుతున్న జీవి శ్వాసను, విశ్రాంతిలో ఉన్నదాని శ్వాసను కాదు. ఫలితం రాసేటప్పుడు ఆ సంగతితో పాటు ఉష్ణోగ్రత, లవణత, పీడనం, జీవుల దశ, ఒక్కో సీసాలో ఎన్ని ఉన్నాయి, బ్లాంక్ వాలు ఎంత అన్నవి కూడా రాయాలి. బ్లాంక్ వాలు ఇవ్వని ఫలితాన్ని నేనైతే మరొకరి అంకెతో పోల్చను.

పని అయ్యాక సెన్సర్ ఉన్న సీసాలను మంచినీటితో, తరువాత స్వేదనజలంతో కడిగి, చీకటి పెట్టెలో ఆరబెట్టాలి. అసిటోన్, క్లోరోఫాం, బ్లీచింగ్ ద్రావణం ఆ బిళ్లకు తగలకూడదు. మెత్తని దూదితో కూడా దాన్ని రుద్దకూడదు. జిగురుపొర పట్టినట్టు అనిపిస్తే తదుపరి ప్రయోగానికి ముందు మళ్లీ రెండు బిందువుల క్రమాంకనం చేసి, సున్నా విలువ పాతదాని నుంచి ఎంత జరిగిందో చూడాలి.